అక్క ఫీజూ, గేదె పెయ్యా

నర్సీపట్నం,
10 జనవరి 1999

రాయ్‌పూరు సర్జికల్ వార్డును కంటిచూపుతో ఏలుచున్న ఎస్తర్ రాణి అక్కకు, నీ నిధి సంరక్షకుడూ ఏకైక తమ్ముడూ అయిన కిరణ్ బాబు రెండు చేతులూ జోడించి రాయునది.

మొదటి మనీయార్డరు వెయ్యి రూపాయలు ఏడో తారీకున అందింది. పోస్టుమాన్ రమణబాబు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, నా ముఖం మూడుసార్లు చూసి ఇచ్చాడు. నువ్వు సంతకం పెట్టి పంపిన ఫారంతో ఆ పూటే పోస్టాఫీసులో మనిద్దరి పేరిట పుస్తకం తెరిచాను. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా డబ్బు తీసుకోవచ్చట. ఈ చివరి వాక్యం నీకు రాయకుండా ఉండాల్సింది.

మన ప్రణాళికను మరోసారి సభ ముందుంచుతున్నాను. నెలకు వెయ్యి చొప్పున ముప్పై నెలలు. 2001 జూన్‌లో మొదటి ఏడాది ఫీజు ముప్పై వేలు కట్టి నువ్వు పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగులో చేరడం, రెండేళ్ళలో పాఠాలు చెప్పే హోదాలో బయటికి రావడం. చర్చి క్యాలెండరు వెనకవైపు ముప్పై గళ్ళు గీసి వంటింటి గోడకు తగిలించాను. మొదటి గడిలో ఎర్ర ఇంకుతో టిక్కు పడింది. మిగతా ఇరవై తొమ్మిదీ నన్నే చూస్తున్నాయి.

ఆ డబ్బు రాయ్‌పూర్లోనే ఎందుకు దాచుకోకూడదని పెద్దమ్మ అడిగింది. హాస్టల్లో ఎవరు కన్నీళ్ళు పెట్టుకున్నా నువ్వు పర్సు తీస్తావనీ, పోయినేడు రూమ్మేటు పెళ్ళికిచ్చిన ఐదు వేలు ఆ పెళ్ళికూతురితోపాటే వెళ్ళిపోయాయనీ చెప్పాను. పెద్దమ్మ, "దాని కాడుంటే ఊరోళ్ళు తింతారు, నీ కాడుంటే నువ్వు తింతావు. ఏదోటి, ఇంట్లోనే ఉంటాది" అంది. అమ్మానాన్నా పోయాక మనల్ని పెంచిన మనిషికి నా మీద ఇంత నమ్మకం ఉండటం చూసి నా కళ్ళు చెమర్చాయి.

జెరాక్సు షాపులో నా ఉద్యోగం దివ్యంగా ఉంది. జీతం ఎనిమిది వందలే. ఓనరు నన్ను ఇంకా గల్లాపెట్టె దగ్గర కూర్చోనివ్వలేదు.

ఇట్లు, ఎర్ర ఇంకు ఖర్చు కూడా సొంతంగా భరిస్తున్న
కిరణ్ బాబు

రాయ్‌పూరు,
2 ఫిబ్రవరి 1999

కిరణ్‌కి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జోకులు ఎక్కువున్న చోట ఇంకేదో తక్కువుంటుందని నీ విషయంలో నా అనుభవం.

టైపు నేర్చుకోమని నేనిచ్చిన మూడొందలు ఏమయ్యాయో గుర్తుంది కదా. బస్టాండు వెనక క్యారమ్స్ క్లబ్బు పెట్టావు. రెండు నెలల తర్వాత బోర్డు కూడా మిగల్లేదు. అది మూడొందలు కాబట్టి నవ్వి ఊరుకున్నాను. ఇది అలాంటిది కాదు. 2001 ఆగస్టుకు నాకు ముప్పై నిండుతాయి. ముప్పై దాటిన వాళ్ళను ఆ కాలేజీ తీసుకోదు. ఆ జూన్ తప్పితే రిటైరయ్యేదాకా నేను రాత్రి డ్యూటీల్లో బెడ్‌పాన్లు అందిస్తూనే ఉంటాను. ఈ ఒక్క మాట గోడ మీద గళ్ళ పక్కనే రాసి పెట్టుకో.

నా జీతం రెండు వేల ఆరు వందలు. మెస్సూ, సబ్బులూ, మందిర కానుకా పోగా వెయ్యి పంపడమంటే ఎంత కష్టమో ఆలోచించు.

మూడు నెలలకోసారి పుస్తకం జెరాక్సు పంపు. జెరాక్సు షాపులో పనిచేసేవాడు పంపే జెరాక్సు కనుక, దాని మీద పోస్టాఫీసు గుండ్రటి ముద్ర కూడా ఉండాలి. వార్డు ఫోనుకు చేయకు, మేట్రన్ ఒప్పుకోదు. పెద్దమ్మ మోకాలికి నూనె పంపాను. అది నువ్వు తలకు రాసుకునేది కాదు.

ఎస్తర్ అక్క

నర్సీపట్నం,
21 నవంబరు 1999

మహారాజశ్రీ అక్కగారి సముఖమునకు,

పోయిన ఆదివారం మన చర్చిలో కోతపండుగ జరిగింది. ఎప్పటిలాగే పొలాలున్నవాళ్ళు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు కానుకగా తెచ్చారు. ఎప్పటిలాగే ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు వాటిని వేలం వేశారు. పది రూపాయల సొరకాయ నూట ఇరవైకి పోయింది. అన్నదమ్ములిద్దరు ఒకే కోడిపుంజు కోసం పంతం పట్టి, మూడొందలదాకా పాడి, చివరికి దాన్ని ఒకే ఇంటికి పట్టుకెళ్ళారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారని పాడేటప్పుడు జ్ఞాపకం లేదు.

ఈ ఏడు విశేషం ఒక గేదె పెయ్య. కోటవురట్ల రైతొకాయన ఆపరేషను గట్టెక్కినందుకు కృతజ్ఞతగా తోలుకొచ్చాడు. సంతలో అయితే మూడున్నర వేలు చేస్తుంది. ఎవడో మూర్ఖుడు ఆరున్నర వేలకు పాడేశాడు. సభంతా చప్పట్లు కొట్టింది. పాపం, వాడికి గడ్డి ఎక్కడ దొరుకుతుందో కూడా తెలిసినట్టు లేదు. ఆ మూర్ఖుడి గురించి ఇంకా రాయాలనుంది గానీ ఇన్‌లాండు లెటరులో చోటు లేదు.

నవంబరు మనీయార్డరు అందింది. అందరం క్షేమం. పెయ్య కూడా క్షేమమని విన్నాను.

ఇట్లు, ఇరుగుపొరుగు వార్తలు చేరవేయు
కిరణ్ బాబు

రాయ్‌పూరు,
15 జనవరి 2000

కిరణ్‌కి,

మార్చి, జూన్, సెప్టెంబరు జెరాక్సులు అందాయి. డిసెంబరుది అందలేదు. రోజూ వెయ్యి కాగితాలు జెరాక్సు తీసే వాడికి నాది ఒక్కటి తీయడానికి తీరిక దొరకలేదా?

మన వీధి చివర సోడాకొట్టు మంగరాజు, తన కొడుకును చూడటానికి భిలాయి వచ్చి, దారిలో నన్నూ పలకరించాడు. నేనేమీ అడగలేదు. అతనే చెప్పాడు. "మీ తమ్ముడు బాగా మారిపోనాడమ్మా. తెల్లారకుండానే సైకిలేసుకుని బలిఘట్టం కేసి ఎలిపోతన్నాడు. సాయంత్రం మళ్ళీ ఎలతన్నాడు. ఏటిరా అంటే నవ్వేసి ఊరుకుంతన్నాడు" అన్నాడు. ఎనిమిదికి ముందు లేవని వాడివి, రోజుకు రెండుసార్లు బలిఘట్టంలో నీకేం పని?

అమ్మాయి ఎవరైనా ఉంటే ఉంది. అది నేను తర్వాత మాట్లాడతాను. నా డబ్బుతో ఆ అమ్మాయికి చీరలూ సినిమాలూ నడుస్తున్నాయా అన్నదే ప్రశ్న. కోతపండుగ గురించి పేజీ రాసి, డిపాజిట్టు గురించి ఒక్క ముక్క రాయలేదు. మనీయార్డరు "అందింది" అన్నావు. పోస్టాఫీసులో "వేశాను" అనలేదు. నేను నర్సును. రోగి ఏది చెప్పలేదో అదే ముందు చూస్తాను.

ఎస్తర్ అక్క

నర్సీపట్నం,
6 ఫిబ్రవరి 2000

గౌరవ ప్రధాన న్యాయమూర్తి గారికి, ముద్దాయి సమర్పించుకొను సంజాయిషీ:

బలిఘట్టంలో అమ్మాయి లేదు. ఉంటే గొప్పలు పోకుండా ఇన్నాళ్ళు నోరు మూసుకుని ఉండే స్వభావమా నాది? పొద్దున సైకిలు తొక్కడం ఆరోగ్యం కోసం. సాయంత్రం తొక్కడం కూడా ఆరోగ్యం కోసమే. పుస్తకం వడ్డీ ఎక్కించడానికి పోస్టాఫీసులో ఇచ్చాను. గుండ్రటి ముద్ర వేసే పెద్దమనిషి కూతురి కాన్పుకు సెలవు పెట్టాడు.

ఇప్పుడు ముద్దాయి ఎదురు ప్రశ్న. మీ ఆసుపత్రిలో రెండేళ్ళు పనిచేసిన ఝాన్సీలక్ష్మి ఇప్పుడు మన ఊరి నర్సింగ్ హోంలో చేరింది. సర్టిఫికెట్లు జెరాక్సు తీయించుకోవడానికి మా షాపుకొచ్చింది. నేను నీ తమ్ముణ్ణని చెప్పగానే, "ఎస్తరక్కా? సీనియరు కదా, ఆవిడికి మూడు వేల రెండొందలొత్తాది" అంది. నాకు రాసింది రెండు వేల ఆరు వందలు. నెలకు ఆరు వందలు ఏ దారిన వెళ్తున్నాయక్కా? రూమ్మేటుకు రెండో పెళ్ళా? లేక ఆసుపత్రి కాంపౌండులో ఎవరైనా బావగారు తయారవుతున్నారా?

అనుమానించే హక్కు ఒక్కరికే రాసివ్వలేదని మనవి.

ఇట్లు, బెయిలు మీదున్న
కిరణ్ బాబు

నర్సీపట్నం,
9 ఏప్రిల్ 2000

అక్కకు,

నా ప్రశ్నకు జవాబు రాలేదు గానీ, నువ్వు పెద్దమ్మకు విడిగా రాసిన ఉత్తరం వచ్చింది. ఆవేశంలో నువ్వొక సంగతి మర్చిపోయావు. పెద్దమ్మకు చదవడం రాదు. ఆమెకొచ్చే ఉత్తరాలు చదివి వినిపించే ఉద్యోగం నాదే. "కిరణ్‌కు తెలియనివ్వకు" అన్న వాక్యం నేనే గొంతెత్తి చదివాను.

"తరవాత సదువు" అంది.

"వాడు డబ్బు వాడేశాడని నా అనుమానం" అని చదివాను.

"ఆపీసేవేటి? ఇంకేటి రాసింది?"

"పొద్దున్నే వాడు ఎక్కడికి వెళ్తున్నాడో, వెనకాల ఎవరినైనా పంపి కనుక్కో" అని చదివాను.

"నడుమ ఏ లైనైనా ఒగ్గేత్తన్నావేమో" అని ఉత్తరం నా చేతిలోంచి లాక్కుంది. మధ్యాహ్నం రమణబాబు రాగానే అరుగు మీద కూర్చోబెట్టి మళ్ళీ చదివించింది. అతనూ అక్షరం వదలకుండా అదే చదివాడు. పైగా "పోస్టాఫీసులో నాను గూడా సూత్తానే ఉన్నాను" అని సొంత కవిత్వం కలిపాడు. అతను వెళ్ళాక పెద్దమ్మ నా పక్కన కూర్చుని, "ఒరే, నాలుగు నెల్లబట్టి పేడ కంపుతో ఇంటికొత్తన్నావు. నాకు ముక్కు లేదనుకున్నావేటి? అది ఆడపిల్ల కంపు కాదు. బేగి సెప్పీ" అంది.

చెప్పేశాను. నీకూ చెబుతున్నాను. నవంబరు ఉత్తరంలోని ఆ మూర్ఖుడిని నేనే.

జరిగింది ఇది. వేలంలో పాట వేడెక్కడానికి కుర్రాళ్ళ చేత నాలుగు మాటలు పాడించడం మన చర్చిలో ఎప్పుడూ ఉన్నదే. ముందురోజే సంఘం కోశాధికారి జీవానందం గారు నన్ను పిలిచి, "ఒరే కిరణూ, ఆ పెయ్యి నాకే కావాలి. ఏడు వేలదాకా ఎలతాను. నువ్వు పెంచుతా ఉండు. సంగానికి నాలుగు డబ్బులొత్తాయి" అన్నారు. నేను పెంచాను. ఆయన గొడుగెత్తడం, నేను వంద కలపడం. నవ్వులే నవ్వులు. జీవితంలో మొదటిసారి నా హాస్యం సంఘానికి ఉపయోగపడుతోందని ఛాతీ ఉబ్బింది. ఆరున్నర వేలు అన్నాను. వెనక వరసలోంచి ఆయన భార్య చొక్కా పట్టి లాగింది. ఆయన గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అయ్యగారు ఒకటోసారి అన్నారు, రెండోసారి అన్నారు. నేను జీవానందం గారి వైపు చూస్తూనే ఉన్నాను. ఆయన పైకప్పు చూస్తున్నారు. ఆ చొక్కా లాగడం కూడా ముందే అనుకున్నదేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

దేవుడి పేరున పాడింది వెనక్కి తీసుకోకూడదు. క్రిస్మస్‌లోపు కట్టకపోతే పేరు ఆరాధనలో చదువుతారు. చదివితే పెద్దమ్మ మళ్ళీ ఆ మెట్లెక్కదు. నీ పుస్తకంలోంచి ఆరున్నర వేలు తీశాను. పెయ్యను బలిఘట్టంలో లక్ష్ముడనే రైతు పాకలో కట్టాను. పేడ అతనికి, గడ్డి కోసే పని నాకు. అదీ నా ఆరోగ్య రహస్యం.

గడువుకు ముందే ఆ డబ్బు మళ్ళీ వేస్తాను. ఈ మాట నవ్వుకుంటూ రాయలేదు.

కిరణ్

రాయ్‌పూరు,
3 మే 2000

కిరణ్‌కి,

ముప్పై నెలలు ఆగమన్నాను. పదకొండు నెలలు ఆగలేకపోయావు.

నీ తప్పు వేలంపాట కాదు. పాడిన రోజునే నాకు రాసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు దాన్ని వేరే ఎవడి కథలాగో నాకు చెప్పి నన్ను నవ్వించావు. నేను ఆ ఉత్తరం చదివి వార్డులో అందరికీ చెప్పాను. ఆ మూర్ఖుడి మీద నలుగురం కలిసి నవ్వాం. నా ఫీజు మీద నేనే నవ్వుకున్నానని ఇప్పుడు తెలిసింది.

ఇకనుంచి మనీయార్డరు రాదు. నాకు జోకులతో ఉత్తరాలు రాయకు. అంకెలుంటే రాయి.

ఎస్తర్

నర్సీపట్నం,
20 మే 2001

అక్కకు,

అంకెలే రాయమన్నావు కనుక ఏడాదిగా రాయలేదు. పూర్తిగా తయారయ్యాక రాయాలనుకున్నాను. పూర్తి కాలేదు, అయినా రాస్తున్నాను.

పెయ్యకు తీసింది పోగా నీ డబ్బు తొమ్మిదిన్నర వేలు మిగిలింది. పోయిన ఏడు మే నుంచి టెన్తు పిల్లలకు ట్యూషను చెబుతున్నాను. నెలకు ఐదొందలు చొప్పున ఆరున్నర వేలు వేశాను. పెయ్య చూడి కట్టింది. నిన్న తొమ్మిది వేలకు అమ్మాం. లక్ష్ముడు బేరానికొచ్చిన ప్రతివాణ్ణీ దొంగను చూసినట్టు చూశాడు. ఒకాయన్ని పళ్ళు పట్టి చూడనివ్వలేదు, ఇంకొకాయన్ని తోక ముట్టుకోనివ్వలేదు. కొనుక్కున్నాయన వెంట ఊరి పొలిమేరదాకా నడిచి, "మేత బేగి ఎయ్యండి, లేకపోతే అలుగుతాది" అని చెప్పి వచ్చి, పాకలో అటు తిరిగి కూర్చున్నాడు. నేను ఇటు తిరిగి కూర్చున్నాను.

మొత్తం ఇరవై ఐదు వేలు. గుండ్రటి ముద్రతో జెరాక్సు జతచేశాను. పోస్టుమాస్టరు చేతి సంతకం కూడా అడిగి పెట్టించాను.

ఐదు వేలు తక్కువ. మా ఓనరును అడ్వాన్సు అడిగితే, "నీ మీద నమ్మకం లేక కాదు గానీ" అని మొదలుపెట్టాడు. మిగతాది వినలేదు. ఇంకా ఇరవై రోజులుంది. జీవానందం గారి గుమ్మం కూడా ఎక్కుతాను. నీ జీతంలో ఆ ఆరు వందల సంగతి ఇప్పుడు అడగడం లేదు. ఒకవేళ అది ఎక్కడైనా మిగిలి ఉంటే చెప్పు, అంతే.

కిరణ్

రాయ్‌పూరు,
11 జూన్ 2001

కిరణ్‌కి,

నిన్నటితో గడువు ముగిసింది. శనివారమే ఫీజు కట్టాను. ముప్పై వేలు. సీటు వచ్చింది.

నీ డబ్బు కాదు. నాదే.

ఝాన్సీ చెప్పింది నిజం. నా జీతం మూడు వేల రెండొందలు. నీకు తగ్గించి చెప్పాను. ఆసుపత్రిలో ఉద్యోగుల పొదుపు సొసైటీ ఉంది. జీతం చేతికి రాకముందే కోసుకుంటారు, ఎవరు ఏడ్చినా మధ్యలో తీయడానికి లేదు. 1999 జనవరిలో నేనొక కాగితం మీద ప్లాను రాసుకున్నాను. మొదటి వరసలో "కిరణ్‌కు పంపేది, వెయ్యి." రెండో వరసలో "కిరణ్ పాడుచేస్తే, ఆరు వందలు." మొదటి నెల నుంచీ రెండూ నడిచాయి. పోయిన ఏడు మే నుంచి నీ వెయ్యి కూడా అక్కడే వేశాను.

మొత్తం సొసైటీలోనే వేసుకోవచ్చు కదా అంటావు. వేసుకోవచ్చు. కానీ నువ్వు ఒక్కటైనా చివరిదాకా నిలబెట్టుకోవడం చూడాలని ఉండేది. ఆశకు వెయ్యి వేశాను, అనుమానానికి ఆరు వందలు.

నీ జెరాక్సు అందింది. వెలుతురుకు పట్టి చూశాను, ముద్ర నిజమైనదేనా అని. నిజమైనదే. ఆ తర్వాత డ్యూటీ రూములో తలుపేసుకుని కూర్చున్నాను.

ఎస్తర్ అక్క

నర్సీపట్నం,
24 జూన్ 2001

అక్కకు,

సీటు వచ్చిందని చదవగానే పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసింది. మోకాలి నొప్పి ఆ పావుగంట లేదు. తర్వాత మిగతాది చదివాను. "పాడుచేస్తే" అన్న చోట ఆగాను.

"ఆగిపోనావేటి? సదువు" అంది. చదివాను.

అంతా విని, "అది తెలివైంది. నాను గూడా అలాగే రాసుకుందును, నాకు రాత రాదు గానీ" అంది. కాసేపటికి అన్నం వడ్డిస్తూ, "ఏడాదిన్నర గడ్డి కోసినోడికి ఆరొందల అనుమానం ఎక్కువేనే" అంది. నాతో కాదు, చెంబుతో చెప్పినట్టు చెప్పింది.

మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నా ఐదు వేల లోటుకు ఇల్లిల్లూ తిరుగుతుంటే నీ ఫీజు రాయ్‌పూర్లో భద్రంగా ఉంది. నేను లేకపోయినా నువ్వు చేరేదానివి. ఈ సంగతి ముందే తెలిస్తే నేను బలిఘట్టం ఒక్క పూట కూడా వెళ్ళేవాణ్ణి కాదు, అది కూడా నిజం. అందుకని నిన్ను తప్పుపట్టడానికి నా దగ్గర సరైన వాక్యం లేదు. చాలా వెతికాను.

ఒకటి అడుగుతాను. రెండో ఏడాది ఫీజు ఇరవై నాలుగు వేలని ప్రాస్పెక్టస్‌లో ఉందట, ఝాన్సీ చెప్పింది. నా దగ్గర ఇరవై ఐదు వేలున్నాయి. వచ్చే జూన్‌దాకా ముట్టను. ఈసారి ప్లాను రాసుకునేటప్పుడు రెండో వరస రాయకు.

కిరణ్

రాయ్‌పూరు,
20 జూలై 2001, శుక్రవారం

కిరణ్‌కి,

హాస్టల్లో చేరాను. క్లాసులో అందరికంటే పెద్దదాన్ని నేనే. అనాటమీ మేడం నాకంటే రెండేళ్ళు చిన్నది, నన్ను "మీరు" అంటుంది.

ఉద్యోగం మానేశాను కనుక సొసైటీ ఖాతా మూసేశారు. ఈ వారం కాలేజీ ఆఫీసులో రెండో ఏడాది ఫీజుకు బ్యాంకు లోను ఫారాలు ఇస్తున్నారు. ఈ ఒక్క వారమే. మళ్ళీ ఇవ్వరు. అందరూ తెచ్చుకున్నారు. సోమవారం నేను కూడా వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. గుమాస్తా ఫారం చాపాడు. "నాకు అక్కర్లేదు, మా తమ్ముడు చూసుకుంటాడు" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "తమ్ముడా? శుక్రవారం సాయంత్రం ఐదింటిదాకా టైముంది సిస్టర్, ఆలోచించుకోండి" అన్నాడు.

మంగళవారం ఆ కౌంటరు ముందు నుంచి రెండుసార్లు నడిచాను. బుధవారం నాలుగుసార్లు. నిన్న గుమాస్తా నన్ను చూసి ఫారం తీసి బల్ల మీద పెట్టాడు, నేను అడగకుండానే. మంచినీళ్ళ కోసం వచ్చానని చెప్పాను.

ఇవాళ లైబ్రరీలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇక్కడి నుంచి ఆ కౌంటరు కనిపిస్తుంది. గుమాస్తా చెక్క తలుపు దించి, తాళం రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళిపోయాడు. టైము ఐదుంపావు.

ఎస్తర్ అక్క